నలుగురం మూడు ఊళ్ళలో ఉండి ఒకే పరిశోధన చేస్తున్నాం, ఏ టూల్స్ వాడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మద్రాసులో అచ్చైన పాత తెలుగు పత్రికల మీద నలుగురు కలిసి పని చేస్తున్నారు, ఇద్దరు చెన్నైలో, ఒకరు హైదరాబాదులో, ఒకరు తిరుపతిలో. ఫోటోలు, నోట్సు, డ్రాఫ్టులు అన్నీ వాట్సాప్ గ్రూపులోనే తిరుగుతున్నాయి, ఏది చివరి ఫైలో ఎవరికీ తెలియడం లేదు. గూగుల్ డాక్స్, నోషన్, స్లాక్, జోటెరో, ఓవర్‌లీఫ్ అని ఎవరికి తోచింది వాళ్ళు చెబుతున్నారు. మీ గైడ్ గారేమో కాగితం మీద తప్ప చదవరు. ఏది వాడాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. మీకు మూడు చాలు. ఫోటోలకీ రాతకీ గూగుల్ డ్రైవ్‌లో ఒక ఉమ్మడి ఫోల్డర్ (డాక్స్, షీట్స్ అందులోనే వస్తాయి). పుస్తకాల, వ్యాసాల వివరాలకి జోటెరోలో (చదివిన వాటి వివరాలు దాచిపెట్టుకునే సాఫ్ట్‌వేర్) ఒక గ్రూపు. వారానికి ఒక్కసారి నలభై నిమిషాల వీడియో కాల్. వాట్సాప్ మానేయక్కర్లేదు, "ఇవాళ లైబ్రరీ సెలవు", "కాల్ ఏడింటికి" లాంటి మాటలకి ఉంచుకోండి, ఫైలు మాత్రం ఒక్కటి కూడా అందులో పంపకండి. మిగతావి ఆరు నెలలయ్యాక అవసరం అనిపిస్తే అప్పుడు చూద్దురుగాని.

నేను చెన్నైలో ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నాను, తెలుగు పాఠాలు చెబుతాను, పాత అచ్చు పుస్తకాల పని చేస్తాను. ఇలాంటి ఉమ్మడి ప్రాజెక్టులు ఇప్పటికి నాలుగు చేశాను. రెండు పూర్తయ్యాయి, ఒకటి నడుస్తోంది, ఒకటి మధ్యలో ఆగిపోయింది. ఆ ఆగిపోయిన దాని సంగతి కింద చెబుతాను, మీరు తప్పకుండా చదవాల్సింది అదే.

ముందు శుద్ధప్రతి ఎక్కడుందో తేల్చుకోండి

మన పండితుల దగ్గర శుద్ధప్రతి అని ఒక మంచి మాట ఉంది, అంటే అన్నీ సరిచూసి తేల్చిన చివరి ప్రతి. సి.పి. బ్రౌన్ కడపలో పండితుల్ని పెట్టుకుని చేయించిన పని మీకు తెలిసే ఉంటుంది. ఒక్కో గ్రంథానికి దొరికినన్ని రాతప్రతులు తెప్పించేవాడు, వాటిని పక్కపక్కన పెట్టించి పాఠభేదాలు రాయించేవాడు, చివరికి ఒక శుద్ధప్రతి తయారు చేయించేవాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేసింది కూడా ఎన్నో ప్రతులు సరిచూశాకే. ఆయన కూడబెట్టిన ప్రతుల్లో చాలా భాగం ఇక్కడే, చెన్నైలోని ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి, వీలు చూసుకుని ఒకసారి వెళ్ళండి. బ్రౌన్ పనిలో ఎంతమంది చేతులు పడినా, ఎన్ని ప్రతులు ఉన్నా, చివరి మాట ఏ ప్రతిదో అందరికీ తెలుసు. మీ గ్రూపులో లేనిది అదొక్కటే.

కాబట్టి మొదటి కాల్‌లో టూల్స్ గురించి మాట్లాడకండి. ఒక కాగితం తీసుకుని, మీ పనిలో ఎన్ని రకాల వస్తువులున్నాయో రాయండి: పేజీల ఫోటోలు, సంచికల పట్టిక, ఎత్తిరాసిన వ్యాసాలు, చదివిన పుస్తకాల వివరాలు, థీసిస్ డ్రాఫ్టు, తీసుకున్న నిర్ణయాలు. ఒక్కోదాని పక్కన దాని శుద్ధప్రతి ఎక్కడుంటుందో ఒకే ఒక్క చోటు రాయండి. ఈ ప్రశ్న విడివిడిగా అడిగినా నలుగురూ ఒకటే జవాబు చెప్పాలి. అది కుదిరిందంటే మీ ఇబ్బందిలో సగం పైగా పోయినట్టే, ఏ టూల్ వాడినా సరే.

ఫోటోలు

వాట్సాప్‌లో వద్దని ఎందుకంటున్నానంటే, మామూలు ఫోటోగా పంపితే అది బొమ్మను కుదించేస్తుంది, ఫైలు పేరు మార్చేస్తుంది, ఎప్పుడు తీశారన్న వివరం కూడా బొమ్మతో పాటు రాదు. ఈనాటి పుస్తకమైతే కుదించినా చదువుకోవచ్చు. వందేళ్ళ నాటి అచ్చు, సిరా పాకిన కాగితం, చిన్న టైపు అయితే అరసున్న ఏదో మరక ఏదో తెలియదు, వత్తు కింద ఇంకో వత్తు ఉందో లేదో తెలియదు. నాకొకసారి ఇలాంటి ఫోటోలో ఒక రచయిత పేరు తప్పు చదివి, లేని మనిషి కోసం పదిరోజులు కేటలాగులన్నీ వెతకాల్సి వచ్చింది. ఒరిజినల్ ఫోటో తెప్పించి చూస్తే అది మనకి తెలిసిన పేరే.

లైబ్రరీలో ఫోటో తీసిన రోజునే, ఇంటికి రాగానే, ఫోన్ నుంచి నేరుగా డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఫైలు పేరు అందరూ ఒకేలా పెట్టండి, పత్రిక, సంవత్సరం, నెల, పేజీ ఆ వరుసలో, ఉదాహరణకి భారతి_1924_01_045. నెలని 1 అని కాకుండా 01 అని రాస్తే ఫైళ్ళు వాటంతటవే వరుసలో కూర్చుంటాయి. చిన్న విషయంలా ఉంటుంది గానీ, రెండు వేల ఫోటోలు పోగయ్యాక దీని విలువ తెలుస్తుంది.

ఫోటోలు తీసే ముందు లైబ్రరీ అనుమతి అడగండి, ఎక్కడికక్కడ నియమాలు వేరుగా ఉంటాయి. తీసినవి మీ నలుగురి మధ్యే ఉంచుకోండి. పాతవి కదా అని అందరికీ లింకు ఇచ్చేయకూడదు. మన దేశంలో రచయిత చనిపోయాక అరవై ఏళ్ళ వరకు కాపీరైటు ఉంటుంది కాబట్టి, ఒకే సంచికలో ఒక వ్యాసం స్వేచ్ఛగా వాడుకోదగినదీ, పక్క పేజీలో కథ ఇంకా కాపీరైటులో ఉన్నదీ కావచ్చు.

సంచికల షీటు

నన్నడిగితే మీ పరిశోధనకి ప్రాణం డ్రాఫ్టు కంటే ఈ షీటులోనే ఎక్కువ ఉంటుంది. సంచికకో వరుస పెట్టండి. పత్రిక పేరు, సంపుటం, సంచిక, నెల, సంవత్సరం అందరూ రాస్తారు. వాటితో పాటు ఎక్కడ చూశారు, ఎవరు చూశారు, ఏ తేదీన చూశారు, ఏ పేజీలు చిరిగిపోయి ఉన్నాయి అనేవి కూడా గళ్ళు పెట్టి తప్పకుండా నింపించండి. రెండేళ్ళ తర్వాత థీసిస్ రాసేటప్పుడు "ఈ సంచిక మనం ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీలో చూశామా, తరమణి రోజా ముత్తయ్య లైబ్రరీలో చూశామా" అని ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కాపాడేవి అవే.

మీ పనిలో మామూలు రీసెర్చ్ గైడ్లలో కనబడని చిక్కు ఒకటుంది, తెలుగు సంవత్సరాలు. ప్రభవ అని ముఖపత్రం మీద ఉంటే అది 1867 కావచ్చు, 1927 కావచ్చు, అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తుంది. పైగా ఏడాది ఉగాదితో మారుతుంది, జనవరితో కాదు. 'భారతి' మద్రాసు నుంచి 1924 జనవరిలో మొదలైంది, అంటే అప్పటికి రుధిరోద్గారి నడుస్తోంది, అదే 1924లో ఉగాది దాటాక వచ్చిన సంచికలు రక్తాక్షిలో పడతాయి. మీలో ఒకరు అంకెల్లో, ఇంకొకరు తెలుగు పేరుతో రాసుకుంటూ పోతే ఒకే సంచిక రెండు వరుసలవుతుంది, లేదా వేర్వేరు సంచికలు ఒకటిగా కలిసిపోతాయి. రెండూ జరగడం చూశాను. అందుకని అచ్చులో ఉన్న తెలుగు సంవత్సరం ఒక గడిలో, ఇంగ్లీషు సంవత్సరం ఇంకో గడిలో, రెండోది మీరు లెక్కగట్టినదైతే "లెక్కగట్టినది" అని మూడో గడిలో రాయండి.

ఊరి పేరు కూడా అంతే. ఒక పత్రిక మీద చెన్నపురి, ఇంకోదాని మీద చెన్నపట్నము, మరోదాని మీద మద్రాసు. మీరు ఎన్ని పత్రికలు ఇక్కడ అచ్చయ్యాయో లెక్కపెట్టమంటే షీటు వాటిని మూడు ఊళ్ళుగా లెక్కపెడుతుంది. అచ్చులో ఉన్నది ఉన్నట్టుగా ఒక గడి, మీరు ఖాయం చేసుకున్న పేరు ఇంకో గడి, ఆ రెండోదానికి డ్రాప్‌డౌన్ పెట్టేయండి, ఎవరూ టైపు చేయక్కర్లేకుండా.

ఎత్తిరాయడం: ఒకరు దిద్దితే చాలదు

వ్యాసాల్ని టైపు చేస్తున్నామని రాశారు. మొత్తం టైపు చేయకండి. ఫోటోని డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాల్ని గుర్తుపట్టి టెక్స్టుగా ఇస్తుంది. కొత్త అచ్చు అయితే బాగానే వస్తుంది. పాత అచ్చులో తప్పులు ఎక్కువ, నేను చూసినంతలో అరసున్నలు ఎగిరిపోతాయి, బండి ఱ మామూలు ర అయిపోతుంది, రెండు కాలమ్‌ల పేజీ అయితే ఎడమ వరుసా కుడి వరుసా కలిపేస్తుంది. అయినా మొదటినుంచి టైపు చేయడం కంటే దిద్దుకోవడమే త్వరగా అవుతుంది.

ఇక్కడ మనం వికీసోర్స్ పద్ధతిని పట్టుకోవాలి. తెలుగు వికీసోర్స్‌లో పేజీ బొమ్మ ఒకవైపు, టెక్స్టు ఒకవైపు ఉంటాయి. ఒకరు దిద్దిన పేజీ పసుపు రంగులోకి వస్తుంది, ఇంకొకరు చూసి సరే అంటేనే ఆకుపచ్చ అవుతుంది, దిద్దిన మనిషే దాన్ని ఆకుపచ్చ చేయడానికి ఆ సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. మీ షీటులో ఇదే పెట్టుకోండి, "దిద్దింది ఎవరు", "చూసింది ఎవరు" అని రెండు గళ్ళు, ఆ రెండు గళ్ళలో ఒకే పేరు ఉండకూడదు. మన కన్ను మనం రాసిన తప్పుని చదవదు, అక్కడ ఉండాల్సిందే చదువుకుంటూ పోతుంది. థీసిస్‌లో ఉటంకించే ప్రతి వాక్యమూ ఆకుపచ్చ పేజీ నుంచే రావాలని నియమం పెట్టుకుంటే పరీక్షకుల ముందు ధైర్యంగా ఉంటుంది.

ఇంకో మాట, టైపు అంతా యూనికోడ్‌లోనే, అంటే ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే చదవగలిగే పద్ధతిలో. మీలో ఎవరైనా పేజ్‌మేకర్ అలవాటుతో అను ఫాంట్లలో టైపు చేస్తుంటే ఇప్పుడే ఆపించండి, అది డాక్స్‌లో అతికిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి, మార్పిడి చేసినా వత్తులు చెదురుతాయి. అందరూ ఒకే కీబోర్డు వాడితే ఇంకా మంచిది. కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనబడని గుర్తు ఒకటి పెడతాయి, కొన్ని పెట్టవు, అప్పుడు ఒకే మాట చూడ్డానికి దాదాపు ఒకేలా ఉన్నా వెతికితే ఒకచోటిది దొరికి ఇంకోచోటిది దొరకదు.

జోటెరో

ఇది ఉచితం, ఓపెన్ సోర్స్, 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీలో మొదలైంది, పదేళ్ళుగా వాడుతున్నాను. ప్రైవేటు గ్రూపు ఒకటి తెరిచి నలుగురూ చేరండి, ఒకరు ఎక్కించిన పుస్తకం వివరాలు అందరికీ కనబడతాయి, రాసేటప్పుడు ఫుట్‌నోట్లు, చివర గ్రంథసూచీ అదే పెడుతుంది. ఉచితంగా 300 ఎంబీ మాత్రమే ఇస్తారు, గ్రూపులో పెట్టిన పీడీఎఫ్‌లన్నీ గ్రూపు తెరిచిన మనిషి కోటాలోంచే పోతాయి. అందుకని జోటెరోలో వివరాలు మాత్రమే పెట్టండి, వాటికి లెక్క లేదు, పీడీఎఫ్‌లు డ్రైవ్‌లో ఉంచి లింకు ఇవ్వండి.

తెలుగు పేర్ల దగ్గర మాత్రం మొదటిరోజే నియమం రాసుకోవాలి. జోటెరో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్ళు అడుగుతుంది. మనకి ఇంటిపేరు ముందొస్తుంది. కందుకూరి వీరేశలింగం గారిని ఒకరు "వీరేశలింగం, కందుకూరి" అని, ఒకరు "కందుకూరి, వీరేశలింగం" అని, ఒకరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కిస్తే గ్రంథసూచీలో ఆయన ముగ్గురు మనుషులవుతారు. నేను పాటించేది చెబుతాను: పేరు గడి పక్కన బొత్తాం నొక్కితే రెండు గళ్ళూ ఒకటవుతాయి, అందులో ఇంటిపేరుతో మొదలుపెట్టి పూర్తి పేరు తెలుగులో రాస్తాను. బ్రౌన్ లాంటి వాళ్ళకి రెండు గళ్ళే ఉంచుతాను. మీ యూనివర్సిటీ వేరే పద్ధతి అడిగితే అదే పాటించండి, నలుగురూ ఒకటే పాటించడం ముఖ్యం.

కలిసి రాయడం, అందులో మర్యాద

డ్రాఫ్టు గూగుల్ డాక్స్‌లో, అధ్యాయానికో ఫైలు. ఎవరి అధ్యాయం వాళ్ళు నేరుగా రాయండి, ఇంకొకరి అధ్యాయంలో మాత్రం సజెస్టింగ్ మోడ్‌లోకి (మార్పు సూచనగా మాత్రమే కనబడే పద్ధతి) మారాకే చేయి పెట్టండి. గైడ్ గారికి పంపిన ప్రతిసారీ వెర్షన్ హిస్టరీలోకి వెళ్ళి ఆ వెర్షన్‌కి తేదీతో ఒక పేరు పెట్టండి. "ఫైనల్", "కొత్త ఫైనల్", "సరిచేసిన ఫైనల్" అని ఫైళ్ళు పుట్టడం అక్కడితో ఆగిపోతుంది.

ఇక్కడ టూల్ కంటే మనుషుల సంగతి ఎక్కువ. మనకి పెద్దవాళ్ళ వాక్యం మీద చేయి వేయాలంటే సంకోచం. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి నేను రాసిన పేరాలో తేదీ తప్పని కనిపెట్టి కూడా నాలుగు నెలలు చెప్పలేదు, "మీరు రాసింది కదండీ, నాదే పొరపాటేమో అనుకున్నాను" అంది. ఆ తేదీ మీద ఆధారపడి ఇంకో రెండు పేజీలు రాసేశాం అప్పటికి. దీనికి ఎదురుగా ఇంకోటి, మరో ప్రాజెక్టులో ఒక కుర్రాడు పెద్దాయన పేరా పక్కన కామెంటులో "తప్పు" అని ఒక్క మాట రాశాడు. ఎదురుగా కూర్చుని ఉంటే ఆ అబ్బాయి అలా అనడు, గొంతు తగ్గించి "ఇక్కడొకసారి చూడాలేమో సార్" అంటాడు. కామెంటులో గొంతు వినబడదు. పెద్దాయన మూడు వారాలు ఆ ఫైలు తెరవలేదు.

అప్పటినుంచి మేము పెట్టుకున్న నియమం ఇది: కామెంటులో తీర్పు రాయకూడదు, ఆధారం రాయాలి. "45వ పేజీలో ఇలా ఉంది, మనం ఇలా రాశాం, ఒకసారి చూడగలరా" అని. ఇలా రాస్తే చిన్నవాళ్ళకి భయం పోతుంది, ఎందుకంటే చెబుతున్నది వాళ్ళు కాదు, పేజీ. పెద్దవాళ్ళకి నొప్పి ఉండదు. ఎవరి అధ్యాయమో వాళ్ళే ఆ కామెంటుని మూసేయాలి, కామెంటు రాసినవాళ్ళు మూయకూడదు.

అరకొర ఆలోచనలు రాసుకోవడానికి విడిగా ఒక డాక్ ఉంచండి. 2009లో గణితవేత్త టిమొతీ గవర్స్ తన బ్లాగులో ఒక గట్టి సమస్య పెట్టి ఎవరైనా వచ్చి కలిసి ఆలోచించవచ్చన్నాడు. చిన్న ఆలోచన అయినా వెంటనే రాసేయాలి, ఒంటరిగా కూర్చుని అంతా పూర్తి చేసుకుని రాకూడదు అన్నది అక్కడి పద్ధతి, వ్యాఖ్యలన్నిటికీ నంబర్లు ఉండేవి. ఆరేడు వారాల్లోనే దారి దొరికింది, ఆ వ్యాసం 2012లో గణితంలో పేరున్న పత్రికలో డి.హెచ్.జె. పాలిమాత్ అనే ఉమ్మడి పేరుతో వచ్చింది. మన విద్యార్థులు మాత్రం పూర్తిగా తేలేదాకా నోరు విప్పరు. "ఈ రెండు పత్రికల్లో ఒకే ప్రెస్సు ప్రకటన కనబడుతోంది, ఎందుకో తెలియదు" అని ఒక్క వాక్యం ఆ డాక్‌లో పడేస్తే, తిరుపతిలో ఉన్న మనిషి దగ్గర దానికి రెండో ముక్క ఉండవచ్చు.

వారం కాల్, నిర్ణయాల డాక్

జూమ్ ఉచిత ఖాతాలో నలభై నిమిషాలకి కాల్ ఆగిపోతుంది, మీకు అంతే కావాలి. వరుసగా నలుగురూ ఈ వారం ఏం చూశారు, ఎక్కడ ఆగారు, ఎవరి నుంచి ఏం కావాలి అన్నవి చెప్పండి. ఒకరు వింటూనే నిర్ణయాల డాక్‌లో రాయాలి, తేదీ వేసి, "ప్రకటనల్ని లెక్కలోకి తీసుకోం, కారణం ఫలానా" అన్నట్టుగా. కారణం తప్పకుండా రాయండి. ఏడాది తర్వాత ఆ నిర్ణయం గుర్తుంటుంది, ఎందుకు తీసుకున్నామో గుర్తుండదు, అప్పుడు మళ్ళీ అదే వాదన మొదటినుంచి జరుగుతుంది. రాసే బాధ్యత వారానికొకరికి మారాలి, ఒక్కరి మీదే వదిలేస్తే వాళ్ళు గుమాస్తా అయిపోతారు, అదీ ఎక్కువసార్లు గ్రూపులోని ఆడపిల్ల మీదే పడుతుంది. దయచేసి అది జరగనివ్వకండి.

ఆగిపోయిన ప్రాజెక్టు

ఐదుగురం కలిసి పాత పాఠ్యపుస్తకాల మీద పని చేశాం. ఫోల్డర్ ఒక మిత్రుడు తన కాలేజీ మెయిల్‌తో తెరిచాడు, స్థలం ఎక్కువ ఇస్తున్నారని. అతని పీహెచ్‌డీ అయిపోయింది, వేరే ఊరు వెళ్ళాడు, కొన్నాళ్ళకి కాలేజీ వాళ్ళు ఆ ఖాతా మూసేశారు. మేమందరం అందులో పని చేస్తున్నా ఫోల్డర్ అతని పేరున ఉంది కాబట్టి దానితో పాటే పోయింది. 1,400 పేజీల ఫోటోలు. ఆఫీసు చుట్టూ తిరిగాం, అప్పటికే ఆలస్యమైంది. మళ్ళీ తీద్దామని లైబ్రరీకి వెళ్తే రెండు సంపుటాలు తిప్పితే విరిగేలా ఉన్నాయని ఇవ్వలేదు, వాళ్ళు చెప్పింది న్యాయమే. ఇప్పటికీ ఆ సంపుటాల గురించి ఎవరైనా అడిగితే నాకు మనసు ఒకలా అయిపోతుంది.

కాబట్టి, ఫోల్డర్ కాలేజీ ఖాతాలో వద్దు. ప్రాజెక్టు పేరుతో మామూలు గూగుల్ ఖాతా ఒకటి తెరవండి, పాస్‌వర్డు ఇద్దరి దగ్గర ఉండాలి. ఉచితంగా వచ్చే 15 జీబీలో, ఫోటోకి మూడు నాలుగు ఎంబీ చొప్పున సుమారు నాలుగు వేల పేజీలు పడతాయి. దాటితే నలుగురూ పంచుకుని కొనుక్కోండి. రెండేళ్ళు ఎవరూ తెరవని ఖాతాల్ని గూగుల్ తీసేయవచ్చు, పని అయిపోయాక కూడా ఎవరో ఒకరు తెరుస్తుండాలి. ప్రతి నెలా ఒకటో తారీఖున మొత్తం ఫోల్డర్ ఒక హార్డ్ డిస్క్‌లోకి దింపండి, చెన్నైలో ఒకటి, హైదరాబాదులో ఒకటి. ఇక్కడ వరద నీళ్ళు ఇళ్ళలోకి వచ్చిన 2015 డిసెంబరు చూసినవాళ్ళం, రెండు డిస్కులూ ఒకే ఊళ్ళో ఉంచకూడదు.

గైడ్ గారి సంగతి

ఆయన్ని మార్చాలని చూడకండి. మా బృందంలో డెబ్బై నాలుగేళ్ళ మాస్టారు ఉన్నారు, ఫోన్‌లో ఫోన్ మాట్లాడటం తప్ప ఏమీ చేయరు, కానీ పాత ఛందస్సు మీద ఆయన చెప్పే ఒక్క మాటకి మా అందరి వారం పనీ సరితూగుతుంది. అధ్యాయాన్ని పెద్ద అక్షరాల్లో, పక్కన వెడల్పుగా ఖాళీ వదిలి ప్రింటు తీసి ఇస్తాం, పైన వెర్షన్ పేరు రాసి. ఆయన ఎర్ర పెన్నుతో దిద్దుతారు. ఆ కాగితాల ఫోటో డ్రైవ్‌లోకి వెళ్తుంది, మాలో ఒకరు ఆ దిద్దుబాట్లని "మాస్టారు" అని ముందు రాసి కామెంట్లుగా ఎక్కిస్తారు. నోటితో చెప్పినవి ఉంటే ఆయన ముందే డాక్స్‌లో వాయిస్ టైపింగ్ తెలుగులో పెట్టి మాట్లాడిస్తాం, తర్వాత దిద్దుకుంటాం. ఆయనకి కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు, ఆయన మాట మాత్రం శుద్ధప్రతిలోకి ఆయన పేరుతోనే చేరుతుంది. మీ గైడ్ గారితో ఇలాగే చేయండి, కాగితం మీద చదవడం ఆయన హక్కు.

ఎవరి పేరు ఎక్కడ

పని మొదట్లోనే మాట్లాడుకోండి, అప్పుడు ఎవరికీ కోపం రాదు. క్రెడిట్ (CRediT) అని, పనిలో ఎవరి పాలు ఎంతో చూపే ఒక పద్ధతి ఉంది, అందులో ఆలోచన, సేకరణ, విశ్లేషణ, మొదటి రాత, దిద్దుబాటు ఇలా 14 పాత్రలు విడగొట్టారు, ఎవరు ఏవి చేశారో పట్టిక వేసుకోవచ్చు. ఎండలో బస్సెక్కి వెళ్ళి ఫోటోలు తీసిన మనిషి పేరు ఆ పట్టికలో ఉండాలి.

మిగతా టూల్స్ గురించి క్లుప్తంగా. నోట్సు, పట్టికలు ఒకేచోట పెట్టుకునే నోషన్ బాగుంటుంది కానీ నలుగురికీ నేర్పే సమయం మీ పనిలోంచి పోతుంది. బృందాల చాట్‌కి వాడే స్లాక్ ఉచిత ఖాతాలో 90 రోజులు దాటిన సంభాషణలు కనబడవు, పరిశోధనకి అది పనికిరాదు. ఓవర్‌లీఫ్ లేటెక్ (కోడ్‌లా రాసి పేజీలు కూర్చే పద్ధతి) వచ్చినవాళ్ళకి, తెలుగు కావాలంటే కంపైలర్‌ని జీలేటెక్‌కి (XeLaTeX) మార్చి తెలుగు ఫాంటు పెట్టుకోవాలి, ఉచిత ఖాతాలో తోడుగా ఒక్కరినే చేర్చుకోనిస్తారు కాబట్టి నలుగురికి కుదరదు. ఏఐ చాట్‌బాట్లని పుస్తకాల జాబితా మాత్రం అడగకండి, లేని వ్యాసాలకి ఉన్న రచయితల పేర్లు తగిలించి ఇస్తాయి. ఏ ఎంట్రీ అయినా మీలో ఒకరు కళ్ళతో చూశాకే జోటెరోలోకి రావాలి.

ఈ వారం చేయాల్సినవి ఇవి: ప్రాజెక్టు ఖాతా తెరవడం, వాట్సాప్‌లో ఉన్న ఫోటోల ఒరిజినల్స్ ఫోన్లలో ఇంకా ఉన్నాయేమో చూసి వెంటనే ఎక్కించడం, షీటులో మొదటి ఇరవై వరుసలు నలుగురూ కలిసి ఒకే కాల్‌లో నింపడం. ఆ ఇరవై వరుసల్లోనే మీ నియమాలు చాలావరకు తేలిపోతాయి. తెలుగు సంవత్సరాల దగ్గరో, జోటెరోలో పేర్ల దగ్గరో ఇబ్బంది వస్తే ఆ ఎంట్రీ స్క్రీన్‌షాట్ ఇక్కడే కింద పెట్టండి, ఆదివారం సాయంత్రాలు నేను చూస్తుంటాను.